క్రమం లేని అయస్కాంతాలు: ఏ ఉజ్జాయింపు ఎక్కడ దెబ్బతింటుంది?

2021లో జార్జియో పరీసీకి ఫిజిక్స్ నోబెల్‌లో సగం వాటా వచ్చినప్పుడు, మళ్లీ 2024లో అదే బహుమతి జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు వచ్చినప్పుడు, వివరణల్లో స్పిన్ గ్లాస్ అనే మాట తరచూ వినిపించింది. స్పిన్ అంటే ఒక్కో అణువు చిన్న అయస్కాంతంలా ఒక దిశకు తిరిగి ఉండడం. ఆ దిశలు ఏ వరుసా లేకుండా బిగుసుకుపోయిన పదార్థమే స్పిన్ గ్లాస్. 2024లోనే గణితంలో ఏబెల్ బహుమతి అందుకున్న మిషెల్ తలగ్రాన్ పనిలో కూడా స్పిన్ గ్లాస్‌లది పెద్ద వాటా. రాగిలో కొద్దిగా మాంగనీస్ కలిపిన లోహానికీ, న్యూరల్ నెట్‌వర్క్‌కీ ఏం సంబంధమో చాలామందికి అంతుపట్టలేదు. రెండింటి వెనుకా ఉన్న లెక్క ఒకటే. ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఎవరూ తేల్చలేరు కాబట్టి ఏదో ఒకటి వదిలేసి ఉజ్జాయింపుగా చేస్తారు. ఏది వదిలేయాలన్న దగ్గరే గత 50 ఏళ్ల గొడవంతా నడిచింది.

క్లుప్తంగా

మామూలు అయస్కాంతంలో ప్రతి అణువుకీ పక్కవాటి సగటు ప్రభావం చూస్తే చాలు, లెక్క దాదాపుగా సరిపోతుంది. అణువుల మధ్య బంధాలు ఇష్టం వచ్చినట్టు ఉన్న అయస్కాంతంలో అదే సగటు మోసం చేస్తుంది, ఎందుకంటే చోటుకీ చోటుకీ ఉన్న తేడాలోనే అసలు విషయమంతా ఉంటుంది. రెప్లికా, టాప్ సమీకరణాలు, కేవిటీ, రీనార్మలైజేషన్, కంప్యూటర్ సిమ్యులేషన్ అనే పద్ధతులన్నీ (ఒక్కోటీ కింద వస్తుంది) ఆ తేడాను ఏదో ఒక రూపంలో నిలబెట్టుకునే ప్రయత్నాలే. ప్రతి స్పిన్ మిగతా అన్నిటితో ముడిపడిన మోడల్‌కి పూర్తి జవాబు దొరికింది, రుజువు కూడా అయింది. మూడు కొలతల (పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న) నిజమైన పదార్థం విషయంలో మాత్రం వాదం ఇంకా నడుస్తోంది.

ఈ పదార్థాల్లో తేడా ఏమిటి

బంగారంలో కొద్ది శాతం ఇనుము, లేదా రాగిలో కొద్ది శాతం మాంగనీస్ కలిపితే అయస్కాంత గుణం ఉన్న అణువులు ఎక్కడ పడితే అక్కడ ఇరుక్కుంటాయి. రెండు ఇనుప అణువుల మధ్య ప్రభావాన్ని లోహంలోని ఎలక్ట్రాన్లు మోస్తాయి. ఆ ప్రభావం దూరంతో పాటు తగ్గడమే కాదు, అలలాగా గుర్తు కూడా మార్చుకుంటూ పోతుంది. అంటే ఒక దూరంలో ఉన్న రెండు స్పిన్‌లు ఒకే దిశలో ఉండాలని చూస్తే, ఇంకాస్త ఎడంగా ఉన్న రెండు స్పిన్‌లు ఎదురెదురు దిశల్లో ఉండాలని చూస్తాయి. అణువుల స్థానాలు ముందే గడ్డకట్టిపోయి ఉన్నాయి కాబట్టి ఈ బంధాలు మళ్లీ మారవు. మారేవి స్పిన్‌లు మాత్రమే.

1972లో కనెల్లా, మైడోష్ బంగారం–ఇనుము మిశ్రమాన్ని చాలా బలహీనమైన ఏసీ అయస్కాంత క్షేత్రంలో పెట్టి అది ఎంతగా స్పందిస్తుందో కొలిచారు. ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర ఆ స్పందన సూదిమొనలా పైకి లేచి పడిపోయింది. మామూలుగా అలాంటి మొన కనిపిస్తే అక్కడ కొత్త క్రమం ఏర్పడిందని అర్థం. ఇక్కడేమో స్పిన్‌లు ఒకే దిశలోకి తిరగలేదు, ఒకటి విడిచి ఒకటి తిరగబడిన వరుస కూడా ఏర్పడలేదు. ప్రతి స్పిన్ తనకు దొరికిన దిశలో బిగుసుకుపోయింది, అంతే. మొత్తం కలిపితే అయస్కాంతత్వం సున్నా.

ఇలా ఎందుకు జరుగుతుందో మూడు స్పిన్‌లతోనే చూడొచ్చు. వాటిని త్రిభుజం మూలల్లో పెట్టి, ప్రతి జంటా ఎదురెదురుగా ఉండాలని నియమం పెట్టండి. మొదటిది పైకి, రెండోది కిందికి. మూడోది పైకి తిరిగితే మొదటిదానితో గొడవ, కిందికి తిరిగితే రెండోదానితో గొడవ. ఎలా అమర్చినా కనీసం ఒక బంధం అసంతృప్తిగా మిగలాల్సిందే. మొత్తం 8 అమరికల్లో 6 అమరికలకు ఒకే కనిష్ఠ శక్తి ఉంటుంది, వాటిలో ఏది మెరుగని చెప్పడానికి ఆధారమేమీ లేదు. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. మూడు స్పిన్‌లకే ఇంత ఉంటే, కోట్ల కోట్ల స్పిన్‌లున్న లోహంలో శక్తి దాదాపు సమానంగా ఉండి అమరికలో మాత్రం ఒకదానికొకటి పోలిక లేని స్థితులు లెక్కలేనన్ని ఉంటాయి. శక్తిని ఎత్తుగా ఊహిస్తే ఇలాంటి ప్రతి స్థితీ ఒక లోయ. ఒక లోయలోంచి ఇంకో లోయలోకి వెళ్లాలంటే మధ్యలో ఎత్తైన గట్టు దాటాలి. తక్కువ ఉష్ణోగ్రతలో ఆ దాటడం ఎంత ఆలస్యమవుతుందంటే, ఈ పదార్థాలు గంటల తరబడి, రోజుల తరబడి నెమ్మదిగా మారుతూనే ఉంటాయి.

సూటిగా లెక్క కడితే పోలేదా?

10×10×10 సైజు చిన్న ఘనంలో 1000 స్పిన్‌లు ఉంటాయి. ఒక్కోటి పైకో కిందికో, అంటే మొత్తం అమరికలు సుమారు 1 పక్కన 301 సున్నాలు. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడం ఎప్పటికీ అయ్యే పని కాదు. అయితే సంఖ్య పెద్దదవడం ఒక్కటే ఇబ్బంది అనుకుంటే పొరపాటు. క్రమంగా ఉన్న రెండు కొలతల ఐసింగ్ అయస్కాంతంలోనూ (స్పిన్ పైకో కిందికో మాత్రమే ఉండే మోడల్) అమరికలు అన్నే, అయినా ఆన్‌సాగర్ 1944లో దానికి కచ్చితమైన జవాబు రాబట్టాడు. అక్కడ ప్రతి చోటూ ఒకేలా ఉంటుంది, ఆ సౌష్ఠవమే లెక్కను గట్టెక్కించింది. బంధాలు ఇష్టారాజ్యంగా ఉంటే ఆ ఆసరా పోతుంది. మూడు కొలతల స్పిన్ గ్లాస్‌లో అతి తక్కువ శక్తి ఉన్న అమరికను కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ తరగతి సమస్య అని ఫ్రాన్సిస్కో బరహోనా 1982లో చూపించాడు. అంటే సైజు పెరిగినా అదుపులో ఉండే వేగవంతమైన పద్ధతి ఇలాంటి వాటన్నిటికీ దొరుకుతుందన్న ఆశ ఎవరికీ పెద్దగా లేదు.

సగటు దగ్గర ఇంకో చిక్కుంది, దీని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఒక్కో లోహపు ముక్కలో బంధాలు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి, ముక్కలన్నిటి మీదా సగటు తీసుకోవాలి. కానీ దేని సగటు? ఉష్ణోగ్రత శాస్త్రమంతా పార్టిషన్ ఫంక్షన్ అనే ఒక మొత్తం (అన్ని అమరికలనూ వాటి శక్తిని బట్టి తూచి కూడినది) మీద నడుస్తుంది, దాని లాగరిథమ్ నుంచి స్వేచ్ఛా శక్తి వస్తుంది. ముందు సగటు తీసి తర్వాత లాగరిథమ్ చేయడం తేలిక. ముందు లాగరిథమ్ చేసి తర్వాత సగటు తీయడం చాలా కష్టం. కావలసింది మాత్రం ఆ రెండోదే.

తేడా ఎంతో చిన్న అంకెల్లో చూద్దాం. 100 ముక్కలున్నాయి, 99 ముక్కల్లో ఆ మొత్తం విలువ 10, మిగిలిన ఒక్క ముక్కలో 10 లక్షలు అనుకోండి. ముందు సగటు తీస్తే సుమారు 10,010 వస్తుంది, దాని లాగరిథమ్ 4. ముందే లాగరిథమ్ తీస్తే 99 ముక్కలకు 1 చొప్పున, ఒకదానికి 6, సగటు 1.05. చేతికి దొరికే ముక్క దాదాపు ఎప్పుడూ 1 చూపిస్తుంది, మొదటి పద్ధతి మాత్రం 4 అంటుంది. ఎక్కడో ఒక అరుదైన ముక్క మొత్తం లెక్కను మింగేసింది. బంధాలు కూడా స్పిన్‌లతో పాటు కదులుతూ సర్దుకునే పదార్థానికి మొదటి సగటు సరైనదే, గడ్డకట్టిన బంధాలకు పనికిరాదు. ఈ తేడాను రాబర్ట్ బ్రౌట్ 1959లోనే స్పష్టం చేశాడు.

మీన్ ఫీల్డ్: మొదటి మెట్టు

అన్నిటికంటే పాత ఉజ్జాయింపు మీన్ ఫీల్డ్. ఒక స్పిన్‌ను పట్టుకుని, దాని చుట్టూ ఉన్న స్పిన్‌లు క్షణక్షణం ఏం చేస్తున్నాయో వదిలేసి వాటి సగటును మాత్రం పెడతారు. క్రమమైన అయస్కాంతంలో ఇది ఎంతవరకు సరిపోతుందో అంకెలే చెబుతాయి. చదరపు జాలకంలో, అంటే చదరపు గళ్ల మూలల్లో స్పిన్‌లున్న అమరికలో, అయస్కాంతత్వం మొదలయ్యే ఉష్ణోగ్రత (సంక్రమణ ఉష్ణోగ్రత), బంధం బలాన్ని 1గా తీసుకుంటే, 2.269. మీన్ ఫీల్డ్ 4 అంటుంది. ఒక స్పిన్‌నీ దాని పక్కవాటినీ కలిపి ఒక గుంపుగా లెక్కించే బెతే ఉజ్జాయింపు 2.885 అంటుంది. మూడు కొలతల ఘన జాలకంలో అసలు విలువ సుమారు 4.51, మీన్ ఫీల్డ్‌కి 6, బెతేకి 4.93. పక్కవాళ్ల సంఖ్య పెరిగే కొద్దీ సగటు నిజానికి దగ్గరవుతోంది, పక్కవాళ్ల మధ్య సంబంధాన్ని కొంచెం నిలబెట్టుకుంటే ఇంకా దగ్గరవుతోంది.

ఇప్పుడు క్రమరాహిత్యం తెద్దాం. తేలికైన రకం పలచబరచడం, అంటే కొన్ని అయస్కాంత అణువుల చోట అయస్కాంతం కాని అణువులు పెట్టడం. ప్రతి చోటా అణువు కొంత భాగం ఉన్నట్టు భావించి సగటు లెక్క కడితే, అణువులు తగ్గే కొద్దీ సంక్రమణ ఉష్ణోగ్రత సరళరేఖలా తగ్గుతూ, ఒక శాతం అణువులున్నా ఎంతో కొంత అయస్కాంతత్వం మిగిలే ఉంటుందని జవాబొస్తుంది. ఇది తప్పు. ఘన జాలకంలో పక్కపక్క అణువుల మధ్యే బంధం ఉంటే, అయస్కాంత అణువులు సుమారు 31 శాతం కంటే తగ్గాక ఒక కొసనుంచి ఇంకో కొసకు తెగని గొలుసే ఉండదు, విడివిడి దీవులు మిగులుతాయి. దీవుల్లో ఎంత క్రమమున్నా మొత్తానికి అయస్కాంతత్వం రాదు. సగటు తీసినప్పుడు గొలుసు తెగిన చోటు కూడా బలహీనమైన గొలుసులా కనిపిస్తుంది, లోపమంతా అక్కడే ఉంది.

బంధాల గుర్తులు కూడా కలగలిసిపోయిన స్పిన్ గ్లాస్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. సగం స్పిన్‌లు పైకి, సగం కిందికి బిగుసుకుంటాయి కాబట్టి సగటు సున్నా, అసలేమీ జరగనట్టే ఉంటుంది. ఎడ్వర్డ్స్, ఆండర్సన్ 1975లో ఈ గోడను ఒక మంచి ప్రశ్నతో దాటారు. స్పిన్‌లు ఎటు తిరిగాయని అడగకుండా, ఇప్పుడు ఒక దిశలో ఉన్న స్పిన్ చాలాసేపటి తర్వాత కూడా అదే దిశలో ఉంటుందా అని అడిగారు. ప్రతి స్పిన్ కాలసగటును వర్గం చేసి, ఆ తర్వాత అన్ని చోట్లా సగటు తీశారు. వర్గం చేశాక ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఈ రంగంలో తర్వాత వచ్చిన సిద్ధాంతమంతా ఈ రాశి మీదే నిలబడింది.

నెగటివ్ ఎంట్రోపీ చెప్పిన సంగతి

అదే 1975లో డేవిడ్ షెరింగ్టన్, స్కాట్ కిర్క్‌పాట్రిక్ ఒక మోడల్ ప్రతిపాదించారు. అందులో ప్రతి స్పిన్‌కీ మిగతా అన్నిటితో బంధం ఉంటుంది, బంధాల బలం గాసియన్ (గంట ఆకారపు) పంపిణీ ప్రకారం ఇష్టం వచ్చినట్టు ఉంటుంది. దూరం అన్న మాటే లేదు కాబట్టి మీన్ ఫీల్డ్ ఇక్కడ కచ్చితంగా పనిచేయాలి. వాళ్ల వ్యాసం శీర్షికలోనే దీన్ని సాధించగల మోడల్ అని రాసుకున్నారు.

లాగరిథమ్ సగటు తీయడానికి వాళ్లు వాడింది రెప్లికా ఉపాయం. ఒకే బంధాలున్న ముక్కకు కొన్ని నకళ్లు తీయాలి, వాటి పార్టిషన్ ఫంక్షన్‌లను గుణించి సగటు కట్టాలి, అది తేలికే. చివర్లో నకళ్ల సంఖ్యను సున్నా వైపు తీసుకెళ్తే లాగరిథమ్ సగటు బయటపడుతుంది. 2 నకళ్లు, 3 నకళ్లు అంటే అర్థముంది, సున్నాకు చేరువైన నకళ్లు అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు, అయినా బీజగణితం ముందుకు నడుస్తుంది. నకళ్లన్నీ ఒకేలాంటివి కాబట్టి ఏ రెండింటి మధ్య పోలికైనా సమానమే అనుకున్నారు. అంతకంటే సహజమైన ఊహ ఇంకోటి ఉండదు.

జవాబు వచ్చింది. పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో స్పిన్‌కీ ఎంట్రోపీ మైనస్ 0.16 అని తేలింది. ఎంట్రోపీ అంటే స్థితుల సంఖ్యకు లాగరిథమ్. స్పిన్ పైకో కిందికో మాత్రమే ఉండే మోడల్‌లో స్థితుల సంఖ్య ఒకటి కంటే తగ్గదు, కాబట్టి ఎంట్రోపీ సున్నా కంటే తగ్గకూడదు. కనిష్ఠ శక్తి కూడా ఒక్కో స్పిన్‌కి మైనస్ 0.798 అని వచ్చింది, కంప్యూటర్ లెక్కల్లో అది మైనస్ 0.76 దగ్గర ఉంది. శక్తిలో తేడా అయిదు శాతం లోపే, దాన్ని ఒక్కదాన్నే చూస్తే ఉజ్జాయింపు బాగానే ఉంది కదా అని వదిలేసేవాళ్లు. ఎంట్రోపీ గుర్తు తప్పడం మాత్రం ఎలా చూసినా సర్దుకోలేని సంగతి. మొదట్లో అందరి అనుమానం సున్నా నకళ్ల మీదకు పోయింది. 1978లో డి అల్మెయిడా, థౌలెస్ అసలు దోషిని పట్టుకున్నారు. నకళ్లన్నీ సమానం అన్న ఊహే తక్కువ ఉష్ణోగ్రతలో నిలబడదని, ఏ ఉష్ణోగ్రత, ఏ క్షేత్రం దగ్గర అది కూలుతుందో గీత గీసి మరీ చూపించారు.

నకళ్లు సమానం కాకపోతే మరి ఎలా విడగొట్టాలి? విడగొట్టే దారులు లెక్కలేనన్ని. పరీసీ 1979, 1980ల్లో ఒక వరుస ప్రతిపాదించాడు: నకళ్లను గుంపులుగా చేయాలి, గుంపు లోపల పోలిక ఎక్కువ, గుంపుల మధ్య తక్కువ, తర్వాత ప్రతి గుంపునూ మళ్లీ చిన్న గుంపులుగా చేయాలి, ఇలా అంతు లేకుండా. ఒక్క మెట్టు దిగగానే ఎంట్రోపీ మైనస్ 0.01 దగ్గరికి వచ్చింది, శక్తి మైనస్ 0.765 అయింది. మెట్లన్నీ దిగితే ఎంట్రోపీ సున్నా, శక్తి మైనస్ 0.763. నకళ్ల మధ్య పోలికను చెప్పడానికి ఒక అంకె చాలదని, ఒక పూర్తి ఫంక్షన్ కావాలని తేలింది.

దీని భౌతిక అర్థం తర్వాత కొన్నేళ్లకు గానీ స్పష్టం కాలేదు. ఒకే ముక్కను రెండుసార్లు విడివిడిగా చల్లబరిస్తే రెండూ వేర్వేరు లోయల్లో ఆగవచ్చు. ఆ రెండు అమరికలు ఎంత పోలి ఉన్నాయన్నది ఒక అంకెగా కాకుండా విస్తరించిన పంపిణీగా వస్తుంది. లోయల మధ్య దూరాలు వంశవృక్షంలా అమరి ఉంటాయి: ఏ మూడు లోయలు తీసుకున్నా వాటి మధ్య దూరాల్లో పెద్దవి రెండూ సమానం. పరీసీ సూత్రం ఇచ్చే స్వేచ్ఛా శక్తి సరైనదేనని గణితపరంగా ఖాయం కావడానికి పాతికేళ్లు పట్టింది. 2003లో ఫ్రాన్సెస్కో గ్వెర్రా ఒక వైపు హద్దు చూపించాడు, తలగ్రాన్ 2006లో అచ్చయిన రుజువుతో రెండో వైపు మూసేశాడు. వంశవృక్ష నిర్మాణాన్ని దిమిత్రి పంచెంకో 2013లో రుజువు చేశాడు. సున్నా నకళ్ల ఉపాయం ఎందుకు పనిచేస్తుందో వివరించకుండా, దాని ఊసే లేకుండా నడిచిన రుజువులివి.

టాప్, కేవిటీ: ఒక్కో స్పిన్‌నీ చూసే పద్ధతులు

రెప్లికా అన్ని ముక్కల సగటు చెబుతుంది. చేతిలో ఉన్న ఈ ఒక్క ముక్కలో ఫలానా స్పిన్ ఎటు ఉంటుందో చెప్పదు. థౌలెస్, ఆండర్సన్, పామర్ 1977లో రాసిన సమీకరణాలు ఆ పని చేస్తాయి. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో వాటిని టాప్ సమీకరణాలు అంటారు.

వాటి కీలకం సమీకరణంలోని ఒక్క పదంలో (టర్మ్‌లో) ఉంది. స్పిన్ ఒకటి పక్క స్పిన్‌ను కొంచెం తిప్పుతుంది, తిరిగిన ఆ పక్క స్పిన్ మళ్లీ మొదటిదాని మీద ప్రభావం చూపిస్తుంది. అంటే మొదటి స్పిన్ తన సొంత ప్రతిధ్వనినే బయటి క్షేత్రం అనుకుంటోంది. దాన్ని తీసేయాలి. క్రమమైన అయస్కాంతంలో ప్రతి స్పిన్‌కీ అన్నిటితో బంధం ఉన్నప్పుడు బంధం బలం స్పిన్‌ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ప్రతిధ్వని బంధం వర్గం మీద ఆధారపడుతుంది, అందరిదీ కలిపినా అది సున్నాకు చేరువే, వదిలేయొచ్చు. స్పిన్ గ్లాస్‌లో బంధం బలం స్పిన్‌ల సంఖ్య వర్గమూలానికి విలోమం. దాని వర్గాన్ని అందరిమీదా కూడితే పూర్తి ఒకటి వస్తుంది. వదిలేయడానికి లేదు.

ప్రతిధ్వనిని తీసేయకుండా లెక్క కడితే షెరింగ్టన్–కిర్క్‌పాట్రిక్ మోడల్‌లో సంక్రమణ ఉష్ణోగ్రత 2 అని వస్తుంది, తీసేస్తే సరైన విలువ 1 వస్తుంది. ఒక్క పదం వదిలేసినందుకు రెట్టింపు తప్పు. మామూలు అయస్కాంతంలో చేసి చేసి అలవాటైన సరళీకరణను కళ్లు మూసుకుని ఇక్కడ వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. టాప్ సమీకరణాలకు ఇబ్బంది లేకపోలేదు. తక్కువ ఉష్ణోగ్రతలో వాటికి పరిష్కారాలు స్పిన్‌ల సంఖ్యతో ఘాతాంకంగా పెరిగిపోతాయి, వాటిలో దేన్ని తీసుకోవాలో సమీకరణాలు చెప్పవు.

1980ల మధ్యలో మెజార్, పరీసీ, విరసోరో అభివృద్ధి చేసిన కేవిటీ పద్ధతి ఇదే ఆలోచనను మరింత శుభ్రంగా చేసింది. ఒక స్పిన్‌ను పూర్తిగా తీసేసి, అది లేనప్పుడు పక్కవి ఎలా ఉంటాయో లెక్కించి, తర్వాత దాన్ని మళ్లీ పెడతారు. ప్రతిధ్వని మొదటినుంచే ఉండదు. ప్రతి స్పిన్‌కీ కొద్దిమందే పక్కవాళ్లు ఉన్న, చిన్న చుట్లు లేని జాలకాల మీద ఇది బాగా నడుస్తుంది. పాత బెతే ఉజ్జాయింపే ఇక్కడ కొత్త బలంతో తిరిగొచ్చింది, కంప్యూటర్ శాస్త్రంలో బిలీఫ్ ప్రాపగేషన్ అని పిలిచే అల్గారిథమ్ కూడా లెక్కపరంగా ఇదే. చిన్న చుట్లు ఎక్కువగా ఉన్న మామూలు ఘన జాలకంలో పద్ధతి బలహీనపడుతుంది, ఎందుకంటే తీసేసిన స్పిన్ ప్రభావం వేరే దారిలో తిరిగొచ్చేస్తుంది.

మూడు కొలతల్లో ఎవరు కరెక్ట్

దూరం అనే మాటే లేని మోడల్‌లో గెలిచిన చిత్రం నిజమైన లోహానికి వర్తిస్తుందా? ఇక్కడ రెండు శిబిరాలున్నాయి. మొదటి శిబిరం పరీసీ చిత్రమే, అంటే లెక్కలేనన్ని లోయలు, మూడు కొలతల్లోనూ కొంత మార్పుతో నిలుస్తుందని అంటుంది. రెండోది 1980ల్లో మెక్‌మిలన్, బ్రే, మూర్, ఫిషర్, హ్యూజ్‌ల పనితో వచ్చిన డ్రాప్‌లెట్ చిత్రం. దీని ప్రకారం అసలు స్థితి ఒకటే, దాన్ని పూర్తిగా తలకిందులు చేసినది దానికి జత. మిగతావన్నీ ఆ స్థితి లోపల అక్కడక్కడా తిరగబడిన ముద్దలు, ముద్ద పెద్దదయ్యే కొద్దీ దాన్ని తిప్పే ఖర్చు నెమ్మదిగా పెరుగుతుంది. రెండు చిత్రాలూ ఒక చోట సూటిగా తలపడతాయి: బయటి అయస్కాంత క్షేత్రం పెడితే స్పిన్ గ్లాస్ స్థితి బతుకుతుందా? పరీసీ చిత్రంలో కొంతవరకు బతుకుతుంది, డ్రాప్‌లెట్ చిత్రంలో ఎంత చిన్న క్షేత్రమైనా దాన్ని చంపేస్తుంది.

పద్ధతుల ఎంపిక కూడా ఈ వాదంలో తటస్థంగా ఉండదు, దీన్ని గుర్తుంచుకోవడం అవసరం. మిగ్దాల్–కదనాఫ్ రీనార్మలైజేషన్ కొన్ని బంధాలను పక్కకు జరిపి, స్పిన్‌లను దశలవారీగా తొలగిస్తూ పెద్ద స్కేల్‌కి వెళ్తుంది. చేతితో చేయగలిగేంత తేలిక, పైగా రెండు కొలతల్లో సున్నా ఉష్ణోగ్రతకు పైన సంక్రమణ లేదని, మూడు కొలతల్లో ఉందని సరిగ్గా చెబుతుంది. కానీ దాని నిర్మాణంలోనే ముద్దల చిత్రం ఇమిడి ఉంది, అది డ్రాప్‌లెట్ వైపు మొగ్గడం పెద్ద సాక్ష్యం కాదు. అలాగే మీన్ ఫీల్డ్ నుంచి మొదలుపెట్టి సవరణలు చేర్చుకుంటూ వస్తే పరీసీ వైపు మొగ్గడమూ సహజమే. పైగా మీన్ ఫీల్డ్ ఘాతాంకాలు (సంక్రమణ దగ్గర రాశులు ఎలా మారతాయో చెప్పే అంకెలు) మామూలు అయస్కాంతంలో 4 కొలతల నుంచి సరిపోతే, స్పిన్ గ్లాస్‌లో 6 కొలతల దాకా వెళ్లాలి. 6 నుంచి 3కి దిగి రావడం చాలా దూరం.

సిమ్యులేషన్ చేసేస్తే తేలదా

కంప్యూటర్ దేన్నీ వదిలేయదు కదా అన్న భావన ఒకటుంది. అదీ ఉజ్జాయింపే. చిన్న సైజు, పరిమిత సమయం, కొన్ని వందల లేదా వేల నమూనాలు, ఈ మూడింటినుంచి అనంతమైన ముక్క గురించి ఊహించాలి. యాదృచ్ఛిక సంఖ్యలతో నడిచే మామూలు మాంటె కార్లో పద్ధతిలో స్పిన్‌లను ఒక్కొక్కటిగా తిప్పుతూ పోతే, ఒక లోయలో పడ్డాక బయటికి రావడం గగనం.

దీనికి ఎక్కువమంది వాడే విరుగుడు ప్యారలల్ టెంపరింగ్. స్వెండ్సన్, వాంగ్‌ల 1986 పనిలోనే ఆ ఆలోచన ఉంది, ఇప్పుడు వాడే రూపం 1996లో హుకుషిమా, నెమోటో ఇచ్చింది. ఒకే ముక్క నకళ్లను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పక్కపక్కన నడిపి, అప్పుడప్పుడు ఉష్ణోగ్రతలు మార్పిడి చేస్తారు. చల్లని చోట ఇరుక్కున్న నకలు వేడి చోటికి వెళ్లి, గట్టు దాటి, ఇంకో లోయలోకి చల్లబడి తిరిగొస్తుంది. మార్పిడి నియమాన్ని సరిగ్గా పెడితే సమతౌల్య సంభావ్యతలు చెడవు.

దీనికోసమే ప్రత్యేకంగా యంత్రాలు కట్టినవాళ్లూ ఉన్నారు. స్పెయిన్, ఇటలీ పరిశోధకుల జానస్ యంత్రం ఎఫ్‌పీజీఏ చిప్‌లతో (పనికి తగ్గట్టు లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్‌లు) స్పిన్ గ్లాస్ లెక్కలు చేయడానికి తయారైంది. 2008లో అది 80×80×80 ఘనాన్ని దాదాపు సెకనులో పదో వంతుకు సమానమైన భౌతిక కాలం నడిపింది. వినడానికి తక్కువే, కానీ ఒక్కో అడుగూ పికోసెకను అనుకుంటే అది పదివేల కోట్ల అడుగులు. ఇలాంటి ప్రయత్నాల వల్ల బంధాలు ప్లస్ 1, మైనస్ 1గా ఉన్న ఘన జాలకంలో సంక్రమణ ఉష్ణోగ్రత సుమారు 1.10 అని స్థిరపడింది. క్షేత్రం పెట్టినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటిదాకా అందరూ ఒప్పుకున్న జవాబు రాలేదు. చిన్న సైజుల్లో రెండు చిత్రాలూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అదే.

ర్యాండమ్ ఫీల్డ్: అందమైన లెక్క తప్పిన చోటు

బంధాలన్నీ సవ్యంగా ఉండి, ప్రతి చోటా ఒక యాదృచ్ఛిక క్షేత్రం మాత్రం ఉన్న అయస్కాంతం ఇంకో రకం. 1975లో ఇమ్రీ, మా చేసిన వాదన నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. ఒక ముద్ద స్పిన్‌లను తిప్పితే దాని అంచు పొడవునా ఖర్చవుతుంది. లోపలి యాదృచ్ఛిక క్షేత్రాల నుంచి వచ్చే లాభం ముద్దలోని స్పిన్‌ల సంఖ్య వర్గమూలంలా పెరుగుతుంది. మూడు కొలతల్లో ఖర్చు ముద్ద వెడల్పుకు వర్గంలా, లాభం ఒకటిన్నర ఘాతంలా పెరుగుతాయి, ఖర్చే గెలుస్తుంది, కాబట్టి క్షేత్రాలు బలహీనంగా ఉన్నంతవరకు క్రమం నిలుస్తుంది. రెండు కొలతల్లో రెండూ సమానం కాబట్టి అది సరిహద్దు.

ఇది కచ్చితమైన రుజువు లేని ఉజ్జాయింపు వాదన. దీనికి ఎదురుగా, అన్ని ఆర్డర్లకూ వర్తించే పెర్టర్బేషన్ లెక్క (చిన్న చిన్న సవరణలను వరుసగా కలుపుకుంటూ పోయేది) ఒకటి నిలబడింది. యాదృచ్ఛిక క్షేత్రమున్న అయస్కాంతం రెండు కొలతలు తక్కువున్న శుద్ధ అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని అది చెప్పింది. ఒక కొలత ఐసింగ్ మోడల్‌లో క్రమం ఉండదు కాబట్టి మూడు కొలతల ర్యాండమ్ ఫీల్డ్‌లో కూడా ఉండకూడదు. ఏళ్ల తరబడి వాదం నడిచాక 1984లో జాన్ ఇంబ్రీ సున్నా ఉష్ణోగ్రత దగ్గర, 1987లో బ్రిక్మాంట్, కుపియానెన్ తక్కువ ఉష్ణోగ్రతల్లో, మూడు కొలతల్లో క్రమం ఉంటుందని రుజువు చేశారు. నాలుగు వాక్యాల వాదనే నెగ్గింది. పెర్టర్బేషన్ లెక్క కనిష్ఠ స్థితి ఒక్కటే ఉన్నట్టు నడిచింది. అసలు పదార్థంలో స్థానిక కనిష్ఠాలు అనేకం, ఆ లెక్క వాటన్నిటినీ మంచీచెడూ చూడకుండా కలిపేసింది. షెరింగ్టన్–కిర్క్‌పాట్రిక్ లెక్కలో నకళ్లన్నీ సమానమన్న ఊహ చేసిన తప్పుకీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

లోహం బయట

ఈ పద్ధతులు అయస్కాంతాలకంటే బయటే ఎక్కువ పనికొచ్చాయంటే అతిశయోక్తి కాదు. కిర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కి 1983లో ఇచ్చిన సిమ్యులేటెడ్ అనీలింగ్ స్పిన్ గ్లాస్‌ను నెమ్మదిగా చల్లబరిచే ఆలోచననే చిప్ డిజైన్ లాంటి సమస్యలకు మళ్లించింది. హాప్‌ఫీల్డ్ 1982లో ప్రతిపాదించిన నెట్‌వర్క్‌లో గుర్తుంచుకున్న ప్రతి నమూనా ఒక లోయ. ఎన్ని నమూనాలు పడతాయన్న ప్రశ్నకు అమిత్, గుట్‌ఫ్రాయిండ్, సోంపోలిన్‌స్కీ 1985లో రెప్లికా లెక్కతోనే జవాబు చెప్పారు: న్యూరాన్ల సంఖ్యలో సుమారు 0.138 వంతు, అంటే 1000 న్యూరాన్లకు 138 నమూనాలు. అది దాటితే లోయలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, జ్ఞాపకాలు ఒక్కసారిగా పోతాయి.

2002లో మెజార్, పరీసీ, జెకీనా కేవిటీ పద్ధతిని తార్కిక షరతుల సమస్యలకు వాడారు. ఒక్కో షరతులో మూడు చరరాశులుండే యాదృచ్ఛిక సమస్యల్లో, చరరాశికి సుమారు 4.267 షరతులు దాటితే పరిష్కారమే ఉండదని ఆ లెక్క చెబుతుంది. ఆ గీతకు కాస్త ఇవతల పరిష్కారాలు ఉంటాయి గానీ, విడివిడి గుంపులుగా చీలిపోయి మామూలు అల్గారిథమ్‌లకు చిక్కవు. అక్కడ వాళ్లు తయారుచేసిన సర్వే ప్రాపగేషన్, ఒక చరరాశి విలువ ఎంత అని అడగకుండా, గుంపుల్లో ఎన్నింటిలో అది ఫలానా విలువకు బిగుసుకుందని అడుగుతుంది. పదిలక్షల చరరాశులున్న సమస్యలను కూడా ఆ దారిలో సాధించగలిగారు.